వేగువాని యర్హత

(ఒక పట్టణ గ్రంథాలయపు వార్షికసభయందు గావించిన యుపన్యాస పాఠము)



నేడు నేను ప్రస్తావింపబూనిన విషయము పైకి స్వల్పముగ దోచవచ్చును. ప్రైవేటు డిటెక్టివు అనగానే మనకు నవల జ్ఞప్తికి వచ్చును. ఆంగ్లేయుల షెర్లాక్ హోమ్సును, కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును ఎరుగని పాఠకులు మనలో నరుదు. నవలలోని డిటెక్టివు బుద్ధిశాలి, ధైర్యశాలి, నీతిపరుడు. అతని యర్హత లెవ్వియని యెవ్వరును ప్రశ్నింపరు. రచయితయే అతనికి పూచీదారు. కాని పుస్తకము మూసి వీధిలోనికి వచ్చినపుడు, నగరములయందు పలకలు గట్టి, పత్రికలలో ప్రకటనలు వేసి, పరుల రహస్యములను వెలకు తెచ్చియిచ్చెదమని చెప్పువారికి పూచీ యెవరు? ఈ ప్రశ్నకు మన దేశమున నేటికిని సమాధానము లేదు.

ఒక పోలిక చూడుడు. మీ వీధిలోని బ్యాంకు వాకిట నిలిచియుండు కాపలాదారు నెరుగుదురు గదా. అతనిని నియమించు సంస్థ 2005 సంవత్సరపు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టము ననుసరించి లైసెన్సు పొందియుండవలెను. లైసెన్సు లేక ఆ వ్యాపారము నడపినచో ఒక సంవత్సరము వరకు కారాగారమో, 25,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. కాపలాదారు భారత పౌరుడై యుండవలెను. 18 సంవత్సరములు నిండి 65 దాటకుండవలెను. అతని నడవడిని, పూర్వచరిత్రను విచారింపవలెను. 2006లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మాదిరి నిబంధనల ప్రకారము తరగతిలో 100 గంటలు, ఆరుబయట 60 గంటలు, వెరసి 160 గంటల శిక్షణము అతనికి విధింపబడినది. కఱ్ఱ చేతబట్టి పగటివేళ అందరు చూచుచుండగా వాకిట నిలుచువానికి ఇన్ని కట్టుబాట్లు! ఇక ఎవ్వరికిని కనబడక మీ వెంట నడచువానికో? మీ రెక్కడకు పోయితిరి, ఎవ్వరితో మాటలాడితిరి, మీ కుమార్తె ఏ సమయమున ఇల్లు చేరెను అని చిట్టా వ్రాసి యమ్ముకొనువానికో? అతనికి ఈ చట్టము వర్తింపదు. ఆ వృత్తికని ప్రత్యేకముగ నేర్పరచిన జాతీయ చట్టమును లేదు. చదువు, శిక్షణము, పరీక్ష, పూర్వచరిత్ర విచారణము, ఏదియు నియమముగ లేదు. వాకిలికి కాపలా యున్నది. వాకిలి లోపలి మర్యాదకు లేదు.

ఇది మన పాలకుల దృష్టికి రాని విషయమని చెప్పుటకు వీలులేదు. 2007లో ప్రైవేటు డిటెక్టివు సంస్థల నియంత్రణ బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టబడెను. కేంద్రమునందును రాష్ట్రములయందును బోర్డుల నేర్పరచి, లైసెన్సు లేక యెవ్వరును ఈ వృత్తి సేయరాదని శాసించుట దాని యుద్దేశము. బిల్లు స్థాయీసంఘమునకు పోయెను, నివేదికయు వచ్చెను. పిమ్మట పదేండ్లకు పైగా అట్లే పడియుండి తుదకు ఉపసంహరింపబడెను. శాసనము పుట్టకయే గిట్టెను. వృత్తి మాత్రము దినదినము వర్ధిల్లుచున్నది.

వర్ధిల్లుటకు కారణములు గలవు. పూర్వము వివాహసంబంధము కుదుర్చునపుడు వరుని గుణగణములు తెలిసికొనుటకు ఆ యూరి పెద్దలు చాలియుండిరి. మేనమామ వెళ్లి రెండు దినములుండి, బావికడ నొకమాట, అరుగుమీద నొకమాట విని వచ్చెడివాడు. నేడు వరుడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రముల కావలనో యుండును. ఇరుగుపొరుగులకే అతని పేరు తెలియదు. కావున తల్లిదండ్రులు డిటెక్టివు నాశ్రయించుచున్నారు. భార్యాభర్తల వ్యాజ్యములలో సాక్ష్యము కొరకును, భీమా సంస్థలు దొంగ క్లెయిముల విచారణ కొరకును, కంపెనీలు ఉద్యోగుల పూర్వచరిత్ర కొరకును వారినే పిలుచుచున్నవి. తప్పిపోయిన బిడ్డకై పోలీసు స్టేషను చుట్టు తిరిగి వేసారిన తండ్రికి ఈ పరిశోధకుడే తుది యాశ. అన్యాయముగ నిందితుడైనవాని పక్షమున సాక్షులను వెదకుటకు ప్రభుత్వ పోలీసులు రారు గదా! కావున ఈ వృత్తియే నింద్యమని నేను చెప్పను. అవసరమైన వృత్తి గనుకనే అర్హత కావలెనని చెప్పుచున్నాను.

ఇచట కొందరు పెద్దలు ఒక యాక్షేపణ తెత్తురు. “వర్తకమునందు మంచివాడు నిలుచును, చెడ్డవాడు పోవును, ప్రభుత్వ మేల?” అని. ఇతర వృత్తులలో నీ మాట కొంతవరకు చెల్లును. వంటవాడు ఉప్పు హెచ్చుగా వేసినచో తినువానికి తెలియును. దర్జీ చొక్కా చెరచినచో తొడుగుకొన్నవానికి తెలియును. వేగువాని వ్యాపారమున కూలి యిచ్చువాడొకడు, పని చేయువాడొకడు, ఎవ్వరి బ్రతుకుపై పని జరుగునో యతడు మూడవవాడు. ఈ మూడవవానికి తనపై నిఘా యున్నదనియే తెలియదు. ఏ కారణమున సంబంధము తప్పిపోయెనో, ఏ కారణమున ఉద్యోగము రాకపోయెనో జన్మమంతయు విచారించినను అతనికి బోధపడదు. కూలి యిచ్చినవానికైన నిజము తెలియునా? తనంతట తెలిసికొనలేకయే గదా డిటెక్టివు నాశ్రయించెను! తెచ్చినది నిజమో, హోటలులో గూర్చుండి వ్రాసిన కల్పనయో పరీక్షించుటకు అతనికి సాధన మేది? ముగ్గురిలో నిద్దరు చీకటిలో నుండగా మూడవవాని మనస్సాక్షి యొక్కటియే దీపము. ఆ దీపము వెలుగుచున్నదో లేదో ముందుగా విచారించుటకే లైసెన్సు.

“నేరము చేసినచో శిక్షించుటకు చట్టములు లేవా?” యని రెండవ యాక్షేపణ. కలవు. స్త్రీని వెంటాడుట 2013 నుండి ప్రత్యేక నేరముగ నున్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు, పుట్టస్వామిగారి వ్యాజ్యమున, ఆంతరంగిక జీవిత రక్షణము పౌరుని ప్రాథమిక హక్కని యేకగ్రీవముగ తీర్మానించిరి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పార్లమెంటులో నెగ్గినది. ఇవి యన్నియు గొప్పవే. కాని శిక్షాచట్టము ఫిర్యాదు వచ్చిన పిమ్మట కదలును. తెలియనివాడు ఫిర్యాదు చేయుట యెట్లు? దొంగ వచ్చిన సంగతి యిల్లు గలవానికి తెలియనంతకాలము పీనల్ కోడు పుస్తకమందే నిద్రించును. కావుననే ఈ వృత్తిలో నియంత్రణము పని ముగిసిన తరువాత గాక, పని మొదలుపెట్టక మునుపే యుండవలెను.

ఈ యపాయము కేవల మూహ గాదు. 2013లో, అప్పుడు రాజ్యసభలో ప్రతిపక్ష నాయకులుగా నుండిన అరుణ్ జైట్లీగారి టెలిఫోను వివరములను అక్రమముగ సంపాదింప యత్నించిన వ్యవహారమున ఢిల్లీ పోలీసులు ప్రైవేటు డిటెక్టివులను, ఒక పోలీసు కానిస్టేబులును అరెస్టు చేసిరి. 2018లో ఠాణే పోలీసులు టెలిఫోను కాల్ పట్టికలను అక్రమముగ అమ్ముచున్నారని పలువురు డిటెక్టివులను పట్టుకొనిరి. రాజ్యసభలో నాయకుడైనవాని ఫోను వివరములకే యిట్టి గతి పట్టగా సామాన్యుని మాట జెప్పనేల? మొదటి వ్యవహారమున కానిస్టేబు లుండుట గమనింపదగినది. ఉద్యోగము వీడిన పోలీసువారే ఈ వృత్తికి తగినవారని పలువురు తలంతురు. వారికి అనుభవము గలదు, నిజమే. కాని పాత స్నేహముల మూలమున ప్రభుత్వపు రికార్డులను పెరటిదారిని తెచ్చు సౌకర్యము గూడ వారికే గలదు. అనుభవమును అర్హతగ గొనవచ్చును, పరిచయమును గొనరాదు. ఈ భేదమును శాసనము స్పష్టముగ జెప్పనిచో కంచెయే చేను మేయును.

ఇతర దేశముల చరిత్ర మనకు పాఠము గాదగును. ఐరోపాలో ప్రైవేటు పరిశోధక సంస్థలకు ఆద్యుడుగ నెన్నబడు విడోక్ 1833లో పారిసునందు తన కార్యాలయమును స్థాపించెను. అతడు యౌవనమున నేరస్థుడై చెరసాలలు చూచి, పిదప పోలీసుశాఖలో నధికారియైనవాడు. అనగా ఈ వృత్తి పుట్టుకయందే దొంగకును పోలీసునకును నడుమనున్న గీత చెరిగియుండెను. అమెరికాలో పింకర్టన్ సంస్థ దొంగలను పట్టుటతో ప్రారంభించి, కార్మిక సంఘములలో వేగులను జొప్పించుటకును, సమ్మెల నణచుటకు యజమానులకు మనుష్యుల నద్దెకిచ్చుటకును దిగెను. 1892లో పెన్సిల్వేనియా రాష్ట్రపు హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారము కడ ఆ సంస్థవారికిని కార్మికులకును జరిగిన పోరాటమున ఉభయపక్షముల ప్రాణములు పోయెను. మరుసటి యేడు, 1893లో, అట్టి సంస్థలవారిని ప్రభుత్వము కొలువున బెట్టుకొనరాదని అమెరికా కాంగ్రెసు శాసించెను. కట్టులేని వేగువాడు ధనవంతుని చేతి కఱ్ఱ యగునని ఆ దేశము రక్తపాతము చూచి నేర్చుకొనెను.

నేడక్కడ పలు రాష్ట్రములలో లైసెన్సు పద్ధతి గలదు. కాలిఫోర్నియా రాష్ట్రమున పరిశోధకుడు కాదలచినవాడు 18 ఏండ్లు నిండి, వేతనముపై 6,000 గంటలు, అనగా మూడేండ్లు, పరిశోధనకార్యము చేసియుండవలెను. న్యాయశాస్త్రమునగాని పోలీసు శాస్త్రమునగాని పట్టము గలవానికి 4,000 గంటలు చాలును. పూర్వచరిత్ర విచారణ జరుగును. ఆ పిమ్మట వ్రాతపరీక్ష. అందు చట్టములు, సాక్ష్యమును భద్రపరచు పద్ధతి, నిఘా, పరిశోధకుని బాధ్యతలు విషయములు. కెనడాలోని అంటారియో రాష్ట్రమున కాపలాదారునకును పరిశోధకునకును ఒక్కటే చట్టము. కాపలాదారునకు 40 గంటల శిక్షణము, పరిశోధకునకు 50 గంటలు. ఉభయులకును పరీక్ష యున్నది. కాపలాదారుని కంటె పరిశోధకుడు హెచ్చుగా నేర్చుకొనవలెనని ఆ శాసనకర్తల భావము. మన దేశమున కాపలాదారునకు 160, పరిశోధకునకు సున్న!

బ్రిటనునందు వేరు పాఠము గలదు. 2001లోనే ఈ వృత్తికి లైసెన్సు పెట్టుటకు వీలుగా వారు చట్టము చేసికొనిరి. కాని పరిశోధకుల విషయమున దానిని అమలు జరుపలేదు. ఈలోగా ఒక వారపత్రిక ప్రైవేటు పరిశోధకుల నియోగించి పరుల టెలిఫోను సందేశములను దొంగచాటుగ విన్న దురంతము బయటపడి, 2011లో ఆ పత్రికయే మూతపడెను. 2013లో హోం మంత్రి లైసెన్సు పద్ధతి వచ్చునని ప్రకటించినను అది ఆచరణకు రాలేదు. శాసనము కాగితముపై నున్నంత మాత్రమున ఫలము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పరదేశముల సంగతి యట్లుండ, మన పూర్వులకీ విషయము తెలియదా? కౌటిల్యుని యర్థశాస్త్రమున గూఢపురుషుల నెట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు పరీక్షింపవలెనో ప్రత్యేకాధ్యాయములు గలవు. ఒక వేగువాని మాట నమ్మక, ఒకరినొకరు ఎరుగని ముగ్గురి మాట యొక్కటియైనపుడే విశ్వసింపవలెనని అతడు విధించెను. మాటిమాటికి పొరబడు వేగువానికి దండనయో, తొలగింపో తప్పదు. అది రాజనీతి, అందలి కార్యములన్నియు నేటి ప్రజాస్వామ్యమునకు తగవు. ఐనను రాజు సొంత వేగువానినే సులభముగ నమ్మరాదని యెరిగిన నేలలో, ఒక్క డిటెక్టివు వ్రాసిన ఒక్క కాగితమును నమ్మి నిశ్చయ తాంబూలములు వెనుకకు దీసికొనుట యేమి వివేకము?

ఇంకొక సంగతి గలదు. 1904లో కర్జను ప్రభువు కాలమున కేంద్ర నేరపరిశోధక శాఖ యేర్పడినది మొదలు, స్వాతంత్ర్యము కోరినవారి వెంట పరప్రభుత్వపు వేగులవారు నీడవలె తిరిగిరి. సభలలో మాటలు వ్రాసికొనిరి, ఉత్తరములు విప్పిచూచిరి. దానిని మనము దాస్యమునకు చిహ్నముగ నిరసించితిమి. స్వతంత్ర భారతమున 1962లో ఖడక్ సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పోలీసులు అర్ధరాత్రమున పౌరుని యింటికి వచ్చి తనిఖీ చేయు నిబంధనను కొట్టివేసినది. ప్రభుత్వపు వేగువానికే ఎల్ల లేర్పరచుకొన్న జాతి, కూలికి దొరకు వేగువానికి ఎల్ల యేర్పరుపకుండుట విపరీతము గాదా? ప్రభుత్వ మడిగినపుడు మనము హక్కు లున్నవందుము. పొరుగువాడు డబ్బిచ్చి యడిగించినపుడు ఆ హక్కు లెక్కడ దాగును?

ఇటీవల ఈ సమస్య మరింత త్వరగా పరిష్కరింపవలసిన దైనది. 2025 జూలై 14న సుప్రీంకోర్టు, దంపతుల నడుమ వ్యాజ్యములలో ఒకరి సంభాషణను మరొకరు రహస్యముగ రికార్డు చేసినను దానిని సాక్ష్యముగ స్వీకరింపవచ్చునని తీర్పు చెప్పెను. సత్యము తేలుటకు అది మేలు గావచ్చును. కాని సాక్ష్యమునకు విలువ పెరిగినకొలది దానిని తెచ్చి యమ్మువాని గిరాకియు పెరుగుననుట లోకరీతి. ఇంటిగుట్టు లంకకు చేటని మన సామెత. ఆ గుట్టు కోర్టు వరకు పోవు దారిలో నడుమ నిలిచినవాడు ఎట్టివాడో మనకు తెలియవలదా?

ఇక లైసెన్సు పద్ధతిలోని లోపములను గూర్చి రెండు మాటలు. లైసెన్సనగా మరియొక లంచపు తలుపనియు, పెద్ద సంస్థలు చిన్నవారిని అణగద్రొక్కుటకు సాధనమనియు కొందరందురు. ఈ భయము నిరాధారము గాదు. పర్మిట్ల కాలమును మన మెరుగుదుము. దానికి మందు అర్హతలను అధికారి యిష్టమునకు విడువక శాసనమునందే వ్రాయుట, పరీక్షను బహిరంగముగ జరుపుట, నిరాకరించినచో కారణము వ్రాసి యిచ్చుట, అప్పీలు నుంచుట. మరియొక భయము నాకే గలదు. లైసెన్సు బిళ్ల చూపి, తాను ప్రభుత్వపు మనిషినని అమాయకులను బెదరించువాడు రావచ్చును. కావున లైసెన్సు వలన పోలీసు అధికార మిసుమంతయు రాదనియు, అట్లు నటించినచో లైసెన్సు పోవుననియు బిళ్లమీదనే ముద్రింపవలెను.

నా మతమున అర్హతలు నాలుగు. మొదటిది శీలము: మోసము, హింస, బెదరింపు నేరములలో శిక్ష పడినవానికిని, అవినీతికై ప్రభుత్వోద్యోగము నుండి తొలగింపబడినవానికిని ఈ వృత్తి మూసియుండవలెను. రెండవది చట్టజ్ఞానము: ఏది చూడవచ్చును, ఏది చూడరాదు, ఏ సాక్ష్యము కోర్టులో నిలుచును అనునవి తెలిసినట్లు వ్రాతపరీక్షలో నెగ్గవలెను, అది మన తెలుగున గూడ జరుగవలెను. మూడవది శిక్షణము: అనుభవజ్ఞుని క్రింద కొంతకాలము పనిచేయక స్వతంత్రముగ పలక కట్టరాదు. నాల్గవది జవాబుదారీ: ఎవ్వరికొరకు, ఏ ప్రయోజనమునకై పని గైకొనెనో ముందుగా కాగితముపై వ్రాసియుంచవలెను, కొంత సొమ్ము ధరావతు పెట్టవలెను, తప్పుడు నివేదిక వలన చెడినవానికి అందుండి పరిహార మీయవలెను. లైసెన్సుదారుల పట్టిక ప్రతి జిల్లా కేంద్రమునను ఎల్లరు చూచునట్లుండవలెను. దీనికి క్రొత్త బోర్డులు, క్రొత్త భవనములు గావలెనని పట్టుబట్టవలసిన పనిలేదు. 2005 చట్టమున కాపలాదారుల కేర్పడిన యధికారికే పరిశోధకులనుగూడ అప్పగించుచు ఒక యధ్యాయము చేర్చినను చాలును. అంటారియో ప్రభుత్వ మట్లే చేసినది.

సభాసదులారా! శాసనము వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని యుండవలసిన పనిలేదు. డిటెక్టివు నాశ్రయించువారు అతని పేరు, అనుభవము అడుగుడు. ఒప్పందము వ్రాతమూలముగ గొనుడు. నివేదికలోని ప్రతిమాటకు ఆధార మడుగుడు. టెలిఫోను పట్టిక తెచ్చెదనన్నవానిని ఆ క్షణమే పంపివేయుడు. అది నేరము, కూలి యిచ్చిన మీరును అందు భాగస్వాములగుదురు. అన్నిటికంటె ముఖ్యముగ, నివేదికను బట్టి ఒకరి బ్రతుకును గూర్చి నిశ్చయించుటకు ముందు ఆ మూడవవానిని బిలిచి అతని మాటయు వినుడు. నేరస్థునికైనను చెప్పుకొను నవకాశమిచ్చు దేశము మనది. ఏ నేరమును జేయని పిల్లకు, పిల్లవానికి ఆ యవకాశము లేకుండ తలుపు మూయుట ధర్మము గాదు.

వెంటాడబడువానికి తన సంగతి తెలియదు గనుక అతడు శాసనసభకు వచ్చి యర్జీ పెట్టుకొనడు, ఊరేగింపులు తీయడు. ఆ కారణముననే ఇంతకాలమీ బిల్లు దిక్కులేనిదై పోయినది. నోరులేని యా మూడవవాని పక్షమున మాటాడవలసిన భారము ప్రజలమైన మనపైనను, మనము పంపిన ప్రతినిధులపైనను గలదు. మీమీ ప్రతినిధులకు ఈ విషయమై వ్రాయుడని కోరుచు ముగించుచున్నాను.